రౌటర్ కంపెనీతో పొత్తు పెట్టుకునే ముందు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పీణ్యలో రౌటర్లు తయారుచేసే కంపెనీ మీ ఇంటర్నెట్ కాలింగ్ సేవను తమ పెట్టెతో కలిపి అమ్ముతామందని నువ్వు పంపిన ఒప్పందం ముసాయిదా మొత్తం చదివాను. లోగో ఎక్కడ ఉండాలో రెండు పేజీలు రాశారు. కస్టమర్‌కు మాట తెగితే ఎవరు బాగుచేయాలో ఒక్క వాక్యం లేదు. అది రాయించేదాకా సంతకం పెట్టకు.

దానికి ముందు పది రౌటర్లు తెప్పించు. అవి అమ్మకానికి వెళ్లే ఫర్మ్‌వేర్‌తోనే (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) రావాలి, డెమో కోసం సవరించినవి వద్దు. బెంగళూరులోనే రకరకాల కనెక్షన్ల మీద పెట్టి చూడు: ఫైబర్ పెట్టె వెనక ఒకటి, 5జీ డాంగిల్ వెనక ఒకటి, అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఒకే లైన్ ఉన్నచోట ఒకటి.

మొదట సిప్ ఏఎల్‌జీ సంగతి చూడు. కాల్ కలపడానికి, ముగించడానికి పంపుకునే సిప్ సందేశాల్లోని అడ్రసుల్ని రౌటర్ తనంతట తాను మార్చేసే సదుపాయం అది. సగం మార్చి సగం వదిలేస్తే బెల్ మోగుతుంది కానీ, ఎత్తాక ఒకవైపే వినిపిస్తుంది. కాల్ ప్రతిసారీ 32 సెకన్లకే పడిపోతోందంటే, ఎత్తినట్టు చెప్పే 200 ఓకే సందేశానికి, అందిందని జవాబుగా రావలసిన ఏసీకే దారిలోనే పోయిందని అనుమానించు. ఆ జవాబు కోసం ప్రమాణం ఇచ్చిన గడువు అంతే. ఏఎల్‌జీ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఆఫ్‌లో ఉండాలనీ, రీసెట్ కొట్టినా, అప్‌డేట్ వచ్చినా ఆఫ్‌లోనే ఉండాలనీ ఒప్పందంలో రాయించు. మౌఖికంగా ఒప్పుకున్నది తర్వాతి వెర్షన్‌లో ఎగిరిపోతుంది.

స్పీడు గురించి వాళ్లు గొప్పలు చెబితే పట్టించుకోకు. మాటను డిజిటల్‌గా మార్చే జీ.711 పద్ధతిలో కాల్‌కు, హెడర్లతో (ప్యాకెట్ల మీది చిరునామా సమాచారం) కలిపి ఒక్కో దిశలో 80 కేబీపీఎస్ చాలు. చిక్కంతా క్యూలో ఉంది. ఇంట్లో ఎవరో ఫోటోల బ్యాకప్ పెట్టగానే అప్‌లోడ్ క్యూ నిండి, మాట వెనకబడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవాలి. అందుకు రౌటరే అప్‌లోడ్‌ను అసలు వేగంలో 90 శాతానికి కట్టడి చేసి, ప్యాకెట్ ప్రాధాన్యాన్ని చెప్పే డీఎస్‌సీపీ గుర్తు 46 ఉన్న మాట ప్యాకెట్లను ముందు పంపాలి. కట్టడి లేకపోతే క్యూ అవతలి ఫైబర్ పెట్టెలో పేరుకుంటుంది, అక్కడ మీ గుర్తును ఎవరూ చూడరు. వైఫైలో ఇంకో మెలిక ఉంది. చాలా చిప్‌లు 46ను వీడియో వరుసలో వేస్తాయి. వాయిస్ వరుసలో వేయాలని 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతుంది, అది పాటించమని అడుగు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో తప్పకుండా చూడు, దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. ఇలాంటి చవక పెట్టెల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కొన్ని 1970తో లేస్తాయి. ఆ తేదీ ప్రకారం మీ సర్వర్ గుర్తింపును రుజువుచేసే టీఎల్ఎస్ సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదు కనుక పెట్టెలు దాన్ని తిరస్కరిస్తాయి, మీ సర్వర్‌లో రిజిస్టర్ కావు. ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చే ఎన్‌టీపీతో టైము సరిచేసుకున్నాకే మీ సర్వర్‌ను పలకరించాలి. పైగా ఒక ఏరియా అంతా కరెంటు ఒకేసారి వస్తుంది, పెట్టెలన్నీ ఒకేసారి మీ మీద పడతాయి. ఒక్కో పెట్టె 0 నుంచి 120 సెకన్లలోపు ఏదో ఒక క్షణాన్ని ఎంచుకుని ఆగాక రిజిస్టర్ కావాలి.

ఇక నా మాటల్లో అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవలసింది ఇది: పెట్టె సెట్టింగులు తెచ్చుకునే సర్వర్ డొమైన్ నీ పేరు మీదే ఉండాలి. అది వాళ్ల పేరు మీద ఉంటే, పొత్తు చెడిన రోజున నీ కస్టమర్లందరినీ వాళ్లు ఇంకో సేవకు తిప్పేయగలరు. అమెరికాలో రౌటర్ల కంపెనీ లింక్‌సిస్, ఇంటర్నెట్ కాలింగ్ కంపెనీ వోనేజ్ కలిసి అమ్మిన, మామూలు ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పీఏపీ2 అడాప్టర్ వోనేజ్‌కే లాక్ అయి వచ్చేది. తాళం ఎవరి చేతిలో ఉందనేదే అక్కడ వ్యాపారం. నీ విషయంలో అది నీ చేతిలో ఉండాలి. టీఆర్-069 అనే ప్రమాణ పద్ధతితో పెట్టెను రిమోట్‌గా సరిచేసే అధికారాన్ని, ప్యాకెట్ నష్టం, జిట్టర్ (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులు) లాగ్‌లు చూసే హక్కును కూడా అడిగి తీసుకో.

లైసెన్సు విషయంలో ఆశపడకు. ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోన్ నంబర్లకు కాల్ కలపాలంటే తగిన లైసెన్సున్న ఆపరేటర్ మధ్యలో ఉండాలి. ఈ విషయమై 2017 అక్టోబరులో ట్రాయ్ సిఫార్సులు, 2018లో టెలికం శాఖ ఉత్తర్వులు వచ్చాయి. మీ లాయర్‌తో ఇప్పటి నిబంధనలు సరిచూడమను. రౌటర్‌కు టెలికం శాఖలోని సాంకేతిక పరీక్షల విభాగం టీఈసీ ధ్రువీకరణ, వైఫైకి రేడియో తరంగాల విభాగం డబ్ల్యూపీసీ అనుమతి తయారీదారు బాధ్యతే. చిప్ మార్చితే నీకు ముందే చెప్పాలని ఒక షరతు పెట్టు.

డబ్బు విషయం: పంపిన పెట్టెల లెక్కన వాటా ఇవ్వకు, మూడు నెలల తర్వాత కూడా వాడుతున్న కస్టమర్ల లెక్కన ఇవ్వు. గోదాములో దుమ్ముపట్టే సరుకుకు నువ్వు డబ్బు కట్టకూడదు. ఇంకెవరి పెట్టెతోనూ కలిపి అమ్మకూడదనే ప్రత్యేక హక్కు అడిగితే 12 నెలలకు మించి వద్దు, అదీ ఇళ్లలో వాడే రౌటర్లకే పరిమితం చెయ్యి. భద్రతా లోపాలకు ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి.

మాట తెగినప్పుడు మొదటి ఫోన్ నీ వాళ్లు ఎత్తాలి. రౌటర్ లోపమని లాగ్ చూపించాక నాలుగు గంటల్లో వాళ్ల ఇంజినీరు పలకాలి. ఆ ఇంజినీరు పేరు, నంబరు అనుబంధంలో రాయించి, ముసాయిదా మళ్లీ నాకు పంపు.

ఇట్లు,
పెదనాన్న