గొలుసు వదిలేశాక

2025 డిసెంబరులో చెన్నై శివార్లలో వండర్‌లా పార్కు తెరిచినప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారింది. ఇదివరకు తత్కాల్ టికెట్ల గురించి, లెవెల్ క్రాసింగుల గురించి అడిగేవారు. ఇప్పుడు సగానికి సగం రోలర్ కోస్టర్ మీదే. అక్కడ పెట్టింది స్విట్జర్లాండుకు చెందిన బొలిగర్ అండ్ మాబిలార్డ్ సంస్థ తయారుచేసిన ఇన్వర్టెడ్ కోస్టర్: పట్టా పైన, బండి కింద, ఎక్కినవాళ్ల కాళ్లు గాలిలో. సిగ్నల్ విభాగంలో ఉద్యోగం చేసి విజయనగరంలో రిటైరైన నన్ను దీని గురించి అడగడం సబబే. ఎంత మెలికలు తిరిగినా అది పట్టా మీద నడిచే బండే.

మా ఊళ్లో గాలి కాస్త గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. ఆ బండి మనుషులను తలకిందులు చేసిన క్షణంలోనే కరెంటు పోతే వాళ్ల గతి ఏమిటి?
— కిరాణా వర్తకుడు, రాజాం

ఏమీ కాదు. తర్వాత వచ్చే బ్రేకు దాకా మామూలుగానే తిరిగి వస్తారు. తలకిందులయ్యే చోట కరెంటుకు అసలు పనే లేదు.

ఇలాంటి బండికి ఇంజను ఉండదు. మొదటి ఎత్తు ఎక్కించడానికి మాత్రం పట్టాల మధ్య తిరిగే గొలుసు బండికున్న కొక్కేన్ని పట్టుకుని పైకి లాగుతుంది. శిఖరం దగ్గర గొలుసు వదిలేస్తుంది. అక్కడి నుంచి నడిపించేది భూమ్యాకర్షణ ఒక్కటే. ఘర్షణను పక్కన పెట్టి లెక్క వేస్తే, 40 మీటర్ల ఎత్తు నుంచి జారిన బండి అడుగుకు వచ్చేసరికి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంతోనే తర్వాతి గుట్టలన్నీ ఎక్కి దిగుతుంది. కొన్ని కోస్టర్లను గొలుసుకు బదులు అయస్కాంతాలతో ఒక్క ఉదుటున ముందుకు తోస్తారు. తోసిన తర్వాత కథ మాత్రం అన్నిటిదీ ఒకటే.

పైకి ఎక్కుతుండగా కరెంటు పోతే గొలుసు ఆగుతుంది, బండి కూడా ఆగుతుంది. వెనక్కి మాత్రం జారదు. ఎక్కేటప్పుడు టక టక టకమని వినిపించే చప్పుడు గొలుసుది అనుకుంటారు చాలామంది. పట్టా వెంట ఇనుప పళ్ల వరుస ఒకటి ఉంటుంది. బండికున్న ఇనుప నాలుక ఒక్కొక్క పన్నూ దాటి పడుతున్న చప్పుడది. ఆ నాలుక ముందుకు దాటుతుంది, వెనక్కి రానివ్వదు. కాబట్టి ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నిశ్చింతగా కూర్చోండి.

బ్రేకుల సంగతి రైల్వేవాళ్లకు చెప్పనక్కరలేదు. రైల్లో గాలి గొట్టం తెగితే బ్రేకులు వాటంతట అవే పడతాయి. గాలి ఒత్తిడి ఉంటేనే అవి విడుస్తాయి. కోస్టర్లలో గాలితో పనిచేసే బ్రేకులను కూడా అలాగే అమరుస్తారు. కొత్తవాటిలో అయస్కాంత బ్రేకులు వచ్చాయి. బండికి ఉన్న లోహపు రేకు శాశ్వత అయస్కాంతాల నడుమ నుంచి వేగంగా దూరినప్పుడు ఆ రేకులో సుడి విద్యుత్తు పుట్టి, అదే బండిని వెనక్కి పడుతుంది. ఊరంతా చీకటైనా వాటికి పట్టదు. అయితే అవి వేగాన్ని తగ్గిస్తాయే గానీ పూర్తిగా నిలపలేవు. నిలపడానికి విడిగా ఘర్షణ బ్రేకు ఉంటుంది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను, నా ఉద్యోగమంతా దానితోనే గడిచింది మరి. పెద్ద కోస్టర్ మీద ఒకేసారి రెండు మూడు బండ్లు తిరుగుతుంటాయి. అవి గుద్దుకోకుండా పట్టాను బ్లాకులుగా విడగొడతారు. ఒక బ్లాకులో ఒకే బండి ఉండాలి. ముందు బండి బ్లాకు ఖాళీ చేసినట్టు సెన్సారు చెబితేనే వెనక బండికి దారి. మా స్టేషన్లలో లైన్ క్లియర్, అంటే ముందు స్టేషన్ అనుమతి, తీసుకోకుండా బండి వదలకపోవడం లాంటిదే ఇది. అనుమానం వస్తే కంప్యూటర్ వెనక బండిని గొలుసు మీదో, మధ్యలో ఉన్న బ్రేకు దగ్గరో ఆపేస్తుంది. అప్పుడు పక్కనున్న మెట్ల మీదుగా సిబ్బంది వచ్చి జనాన్ని దింపుతారు. మర్నాడు పేపర్లో "గాలిలో చిక్కుకున్న పర్యాటకులు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. చాలాసార్లు అది రక్షణ వ్యవస్థ తన పని తాను చేసిన వార్త.

నిలువు వృత్తం పూర్తి చేయాలంటే అడుగున వేగం అయిదు జీ ఆర్ వర్గమూలం (జీ భూమ్యాకర్షణ త్వరణం, ఆర్ వృత్త వ్యాసార్ధం) ఉండాలని మా ఫిజిక్స్ పాఠంలో ఉంది. కోస్టర్ లూప్‌కు కూడా ఇదే లెక్కా?
— ఇంటర్ ఎంపీసీ విద్యార్థిని, బొబ్బిలి

పరీక్షలో అదే రాయమ్మా, పూర్తి మార్కులు వస్తాయి. కోస్టర్ కట్టేవాళ్లు మాత్రం గుండ్రటి లూప్ జోలికి పోరు. ఎందుకో నీ సూత్రమే చెబుతుంది. ఆ వేగంతో వృత్తం అడుగున ప్రవేశిస్తే సీటు మనిషిని ఎంత బలంతో నెడుతుందో లెక్క కట్టి చూడు. సరిగ్గా ఆరు రెట్ల బరువు వస్తుంది. 50 కిలోల అమ్మాయి ఆ క్షణంలో 300 కిలోల భారంతో సీటుకు అదుముకుపోతుంది. తల బరువు కూడా ఆరింతలే, మోయాల్సింది మెడ. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని గుండ్రటి లూప్‌తో ఒకటి కట్టారు. ఎక్కినవాళ్లు మెడనొప్పులతో దిగేవారు. ఎక్కువ కాలం నడవలేదు.

దీనికి మందు రైల్వేలో ముందే ఉంది. తిన్నగా పోతున్న పట్టా ఒక్కసారిగా వంపులోకి తిరగదు. మధ్యలో ట్రాన్సిషన్ కర్వ్ వేస్తాం. వంపు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది, దానితో పాటే బయటి పట్టా ఎత్తు కూడా పెరుగుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ లైన్‌లో అరకు వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని చూడు. ఘాట్‌లో అన్ని వంపులు తిరిగినా ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బా పక్కకు జారదు. కోస్టర్ లూప్‌లో చేసిందీ ఆ పనే. అడుగున వంపు చాలా వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది. పక్కనుంచి చూస్తే నీటిబొట్టు ఆకారం. బండి వేగం ఎక్కువగా ఉన్న కింద వ్యాసార్ధం పెద్దది, వేగం తగ్గిన పైన చిన్నది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో, జర్మన్ ఇంజనీర్లు అంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ రివల్యూషన్ అనే కోస్టర్‌కు ఇలాంటి లూప్ వేశారు. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

నువ్వు అడగలేదు గానీ, పట్టా నుంచి బండి ఎందుకు ఊడిపోదో కూడా చెబుతాను. రైలు చక్రానికి లోపలి అంచున ఫ్లాంజి అనే పొడుచుకొచ్చిన గట్టు ఆధారం. కోస్టర్ బండికి ప్రతి మూలా మూడు రకాల చక్రాలు ఉంటాయి. బరువు మోసేవి, పక్కనుంచి పట్టాను ఒరుసుకునేవి, పట్టాకు రెండో వైపు నుంచి బిగించి పట్టేవి. ఈ మూడోవాటికి అమెరికాలో జాన్ మిల్లర్ 1919లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఎత్తులు, గుంతలు ఎక్కువైతే బండి లేచిపోతుందేమోనని జంకేవాళ్లు.

మా అబ్బాయి చెన్నైలో ఉద్యోగం. వేసవిలో రమ్మంటున్నాడు. వాళ్ల నాన్నను కూడా కోస్టర్ ఎక్కిస్తానని పట్టుపట్టాడు. మా వారికి రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఎక్కవచ్చా అండీ?
— ఒక గృహిణి, పలాస

వద్దమ్మా. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

"చెన్నై దాకా వచ్చి కింద నిలబడతారా నాన్నా" అని అబ్బాయి అంటాడు, ఆయనకూ పౌరుషం వస్తుంది. ఆ మాట బయలుదేరకముందే ఇంట్లో తేల్చుకోండి, క్యూలో నిలబడ్డాక కాదు. అక్కడ భయం అబద్ధమైనా గుండెకు ఆ సంగతి తెలియదు. నాడి, రక్తపోటు నిజంగానే ఎగబాకుతాయి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ లేదా నడుము డిస్కు బాధ, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు ఎక్కవద్దని రైడ్ ముందు బోర్డు పెడతారు. చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఆ బోర్డును న్యాయవాదులు రాయించిన లాంఛనం అనుకోకండి. పక్కన నెమ్మదిగా తిరిగే రైళ్లు, బొమ్మల గుహలు బోలెడు ఉంటాయి. వాటికి కూడా ఆయన డాక్టరును ఒక మాట అడిగి తీసుకెళ్లండి.

మనవలు ఉంటే వాళ్ల ఎత్తు ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి. పెద్ద రైడ్లకు ఎత్తు నిబంధన ఉంటుంది, పార్కు వెబ్‌సైటులో ముందే చూసుకోవచ్చు. వయసు ఎంతని కాక ఎత్తు ఎందుకు చూస్తారంటే, భుజాల మీదికి దిగే కడ్డీ ఒళ్లు కదలకుండా పట్టుకోవాలి. పొట్టి పిల్లలు దాని కిందినుంచి జారవచ్చు. రెండు సెంటీమీటర్ల కోసం సిబ్బందితో గొడవ పడే తండ్రులను చూశాను. ఒకాయన కొడుకు బూట్లలో కాగితాలు కుక్కి తెచ్చాడు.

దసరాకు మన ఊళ్లో ఎగ్జిబిషన్ వస్తుంది, జెయింట్ వీల్ ఉంది, కొలంబస్ ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉండనే ఉంది. వేలు తగలేసి చెన్నై పోవడం ఎందుకు?
— మూడు లాంతర్ల దగ్గర నివాసి, విజయనగరం

సిరిమానును ఈ లెక్కలోకి తేకండి. అది మొక్కు, వినోదం కాదు. చింతమాను చివర పూజారి కూర్చుని కోట దాకా మూడుసార్లు తిరిగే దృశ్యానికి టికెట్ ఎవరు పెడతారు?

ఎగ్జిబిషన్ మాటకు వస్తే నాకు వేరే అభిప్రాయం ఉంది. చెన్నై కోస్టర్ చూసి గుండెలు బాదుకునే వాళ్లే మైదానంలో జెయింట్ వీల్ మీద పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కుతారు. పార్కులో ఉన్నది కాంక్రీటు పునాదిలో దిగిన ఉక్కు. రోజూ గేట్లు తెరవకముందే ఖాళీ బండిని తిప్పి చూస్తారు. మైదానంలో ఉన్నది నిన్న లారీ దిగింది, నెలలో మరో ఊరు పోతుంది. ప్రతి ఊళ్లోనూ అవే బోల్టులు విప్పడం, బిగించడం. అన్నీ ప్రమాదకరం అని నేను అనను, ఏళ్ల తరబడి జాగ్రత్తగా నడిపేవాళ్లు ఉన్నారు. మనం కాస్త కళ్లు తెరుచుకుని ఎక్కాలి, అంతే.

నేనైతే మొదట పైకి చూడను, కిందికి చూస్తాను. వీల్ కాళ్ల కింద చెక్క దిమ్మలు సమంగా ఉన్నాయా, ఒకవైపు మట్టిలో కూరుకున్నాయా? మన దగ్గర దసరా రోజులు వానల రోజులు కూడా. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరులో, తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరులో. ముసురు పట్టి మూడు రోజులైన నేల మీద నిలబెట్టిన ఇనుమును నమ్మడానికి నాకు మనసొప్పదు. తర్వాత తొట్టి తలుపు. గొళ్లెంలో పిన్ను ఉందా, పిన్ను స్థానంలో తీగ ముక్క చుట్టారా? ఆపరేటర్ ప్రతి తొట్టి దగ్గరికీ వచ్చి చేత్తో లాగి చూస్తున్నాడా, లేక ఫోను చూసుకుంటూ మీట నొక్కుతున్నాడా? ఈ మూడింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా మిరపకాయ బజ్జీల వైపు నడవండి.

మా మనవరాలితో హైదరాబాదు పార్కులో రీకాయిల్ అనే కోస్టర్ ఎక్కినప్పుడు నన్ను ఆకట్టుకున్నది ఆ మెలికలు కావు, అక్కడి కుర్రవాడి చేతులు. ఒక్కొక్క కడ్డీని కిందికి నొక్కాడు, మళ్లీ పైకి లాగాడు, బెల్టు కొస పట్టి గుంజాడు. ఖాళీ సీటును కూడా వదల్లేదు. చివరి వరుస అయ్యాక చెయ్యి పైకెత్తి, అవతలి వైపు ఉన్న సిబ్బంది చెయ్యి కూడా లేచేదాకా కదలకుండా నిలబడ్డాడు. గార్డు పచ్చజెండా కోసం ఎదురుచూసే డ్రైవర్లను చూసిన కళ్లకు అది ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ తర్వాత బండిని వెనక్కి పైకి లాగి వదిలారు. ఆ కాసేపటి గురించి మనవరాలు చెప్పేది వేరుగా ఉంటుంది, అది మా ఇద్దరి మధ్యా ఉండనివ్వండి.

ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద కోస్టర్ ఏది?
— డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట

139 మీటర్ల ఎత్తున్న కింగ్డా కా అమెరికాలో న్యూజెర్సీలో 2005 నుంచి ఆ పేరు మోసింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని పేల్చి కూల్చేశారు. వేగంలో అబుదాబిలోని ఫార్ములా రోసా గంటకు 240 కిలోమీటర్లతో చాలాకాలం ముందుంది. సౌదీ అరేబియాలో రియాద్ దగ్గర ఖిద్దియాలో కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్‌ను 250 కిలోమీటర్ల వేగానికి రూపొందించారు. ఎత్తులోనూ పొడవులోనూ కూడా పాతవాటిని అది దాటేసింది. మన చెన్నైది వీటి ముందు చిన్నదే. అయితే ఎత్తును బట్టి మజాను కొలవకండి.

ముందు సీటు మంచిదా, వెనక సీటు మంచిదా? మా స్నేహితులతో పందెం వేశాను.
— తొమ్మిదో తరగతి విద్యార్థి, ఇచ్ఛాపురం

పందెం ఎంతో రాయలేదు, కాబట్టి వాటా అడగను. వెనక సీటులోనే ఎక్కువ జోరు. ముందు పెట్టె శిఖరం దాటినా, బండిలో సగం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది గనుక అది నెమ్మదిగా వంగుతుంది. చివరి పెట్టె శిఖరానికి వచ్చేసరికి ముందున్నవన్నీ జారుతూ దాన్ని బలంగా ఈడ్చేస్తాయి. సీటులోంచి లేచిపోతున్నట్టు అనిపించేది అక్కడే. గుంతల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారవచ్చు గానీ, మొదటి జారుడుకు వెనక వరుసే. ముందు సీటులో ఎదురుగా ఏమీ అడ్డు ఉండదు, పట్టా మలుపు తిరిగేది కనబడుతుంది. భయం చూడాలంటే ముందు, అనుభవించాలంటే వెనక. మొదటిసారి ఎక్కేవాళ్లు మధ్యలో కూర్చోవడం మేలు.

మీ ఊరికి చెన్నై కంటే భువనేశ్వర్ బాగా దగ్గర. అక్కడ కూడా 2024లో వండర్‌లా సంస్థే పార్కు తెరిచింది. పొద్దున్నే రైలెక్కితే పదిన్నర, పదకొండుకల్లా చేరవచ్చు. పార్కులో ఇడ్లీ తిన్న వెంటనే మాత్రం కోస్టర్ వరుసలో నిలబడకు. కళ్లజోడు ఉంటే తీసి లాకరులో పెట్టు.