జవాను భార్య పింఛను కేసుకు లాయర్ ఫీజు కట్టాలా?

అక్కర్లేదు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయ పరిమితి లేదు. ఆ చట్టంలో కోర్టు అంటే ట్రిబ్యునల్ (ఒక రకం తగాదాలనే విచారించే న్యాయ సంస్థ) కూడా, కాబట్టి అక్కడి కేసుకూ ఈ సాయం ఉంటుంది. సైనిక పింఛను తగాదాలు తేల్చేది సాయుధ దళాల ట్రిబ్యునలే. తెలుగు రాష్ట్రాలకు అది చెన్నై బెంచి.

ఉదాహరణకు, సైన్యం రికార్డులో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘లక్ష్మీదేవి’ అని ఉండి పింఛను ఆగిందనుకోండి. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కాగితాలు సరిచేయించుకోవాలి. కాకపోతేనే కేసు.

తెల్లకార్డు ఉంటేనే ఈ సాయం అనుకుంటారు, అది పొరపాటు. మాజీ జవానే అడిగితే మాత్రం, వైకల్యం లాంటి వేరే అర్హత లేకుంటే, ఆదాయం చూస్తారు. న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100.