మీ సందేహం - మా సమాధానం: మాస్టారికి వినపడని పంచె ధర

ప్రశ్న: పొందూరు ఖద్దరు పంచెలు, చీరలు అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టించాం. మొన్న విజయనగరం నుంచి చూపులేని మాస్టారొకరు ఫోన్ చేసి, "అమ్మా, మీ సైట్లో నాకేమీ వినపడటం లేదు" అన్నారు. సైట్ చేసిన అబ్బాయేమో అంతా బాగానే ఉందంటున్నాడు. లోపం ఎక్కడుంది?
- ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే ఫోన్లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ సైట్ తెరిచాను. వేలు కుడివైపు జరిపినప్పుడల్లా "ఇమేజ్", "ఐఎంజీ 2041", మళ్లీ "ఇమేజ్". పది నిమిషాలు వెతికినా పంచె ధర దొరకలేదు. కళ్లు తెరిచి చూస్తే ధర అక్కడే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాల్లో! డీటీపీలో టైప్ చేయించి, బొమ్మలుగా అతికించారు. మాస్టారి ఫోన్‌కు అవి అక్షరాలు కావు. చత్వారం ఉన్నవాళ్లు పెద్దవి చేసుకున్నా మసకబారతాయి.

అన్నీ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా అక్షరాలుగా గుర్తించే పద్ధతిలో, మళ్లీ టైప్ చేయించండి. పాత డీటీపీ ఫైల్ నుంచి కాపీ చేస్తే పిచ్చిగీతలే వస్తాయి. పేజీ కోడ్‌లో భాష ఇంగ్లిష్ అని ఉంది, తెలుగు అని మార్పించండి. లేకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగును ఖూనీ చేయవచ్చు. ప్రతి ఫొటో వెనకా ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో చెప్పే మాటలు, రాయించండి. "ఫొటో 3" అని కాదు, "వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేస్తున్న అవ్వ" అని. మీ బట్ట గొప్పతనమంతా ఆ దవడ ఎముకలోనే ఉంది, అది మాస్టారికీ తెలియాలి కదా! లేతగోధుమ రంగు మీద బూడిదరంగు అక్షరాలు నాకే ఆనలేదు. రెంటి మధ్యా కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలి.

ఇచ్ఛాపురం అవతలి వాళ్ల కోసం ఒడియా పేజీ పెట్టడం మంచి ఆలోచన. ఆ బటన్ మీద ఒడియా అన్న మాట ఒడియా లిపిలోనే ఉండాలి, తెలుగులో రాస్తే వాళ్లెలా గుర్తుపడతారు?

ఒక్కటి మాత్రం నాకు బాధ కలిగించింది. పంచె కొనేవాళ్లను ఆధార్ నంబరు, పుట్టినతేదీ ఎందుకడుగుతున్నారు? పేరు, అడ్రసు, ఫోన్ నంబరు చాలు. దగ్గర లేని వివరాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఆ మూడూ కూడా దారిలో ఎవరి కంటా పడకూడదంటే సైట్‌కు హెచ్‌టీటీపీఎస్, అంటే వివరాలను రహస్య లిపిలోకి మార్చి పంపే ఏర్పాటు, ఉండాలి. దానికి కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచితంగానే ఇస్తుంది. గడువు తక్కువ కాబట్టి దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టమనండి.

ఇవన్నీ అయ్యాక మాస్టారికే ఫోన్ చేసి, ఒక పంచె ఆర్డర్ పెట్టి చూడమని అడగండి. ఆ అబ్బాయిని లైన్లో ఉంచండి, మధ్యలో మాత్రం ఏమీ అందించవద్దనండి.