పల్లెల్లో డిప్రెషన్ సర్వే: పీహెచ్‌క్యూ-9 ఫారంతో 400 మందిని అడిగితే సరిపోతుందా?

మీ థీసిస్ కోసం అచ్చంపేట, దేవరకొండ వైపు ఊళ్లలో పీహెచ్‌క్యూ-9 తెలుగు ఫారం (డిప్రెషన్ లక్షణాలపై తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు) పట్టుకొని ఇల్లిల్లూ తిరగాలనుకుంటున్నారు. 400 మంది చాలా, 10 మార్కులు దాటినవాళ్లను డిప్రెషన్ కింద రాయొచ్చా అని అడిగారు. 400 చాలదు. 10 దాటితే డిప్రెషన్ అని మాత్రం దయచేసి రాయకండి.

ముందు రెండోది చెప్తాను. ఆ ఫారం జల్లెడ మాత్రమే. దాన్ని తయారుచేసినవాళ్లు 2001లో చూపిన లెక్క ప్రకారం, 10 దగ్గర గీత గీస్తే (10 వచ్చినా దాటినట్టే లెక్క) జబ్బున్న వందమందిలో 88 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వందమందిలో 88 మందిని వదిలేస్తుంది. మంచి జల్లెడే. ఇప్పుడు ఊళ్లో వెయ్యి మందిని అడిగారనుకోండి, నిజంగా డిప్రెషన్ ఉన్నది 100 మందికి అనుకోండి. అందులో 88 మంది దొరుకుతారు. మిగిలిన 900 మందిలో 12 శాతం, అంటే 108 మంది, జబ్బు లేకున్నా 10 దాటేస్తారు. మొత్తం 196. "మా ఊళ్లలో 19.6 శాతం" అని థీసిస్‌లో రాస్తే ఉన్నదానికి రెట్టింపు చెప్పినట్టే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో పొగాకు వ్యసనం కాకుండా అన్ని రకాల మానసిక సమస్యలూ కలిపితేనే ఆ సమయానికి ఉన్నవి 10.6 శాతం. వాళ్లు జల్లెడతో ఆగలేదు, మినీ అనే రోగనిర్ధారణ ఇంటర్వ్యూ చేశారు. తెలంగాణ ఆ 12లో లేదు, కాబట్టి మీ పని విలువైనది. అందుకే సరిగ్గా జరగాలి. 10 దాటిన అందరినీ, దాటనివాళ్లలో లాటరీ తీసి పదిమందికి ఒకరిని, ఆ మార్కులు తెలియని సైకియాట్రిస్టుతో మినీ చేయించండి.

సంఖ్య సంగతి. 10 శాతం ఉంటుందనుకొని, అటూ ఇటూ 3 శాతం తేడాకు ఒప్పుకుంటే 385 మంది కావాలి. అది జిల్లా ఓటరు లిస్టు మొత్తం ముందు పెట్టుకొని ఒక్కొక్కరిని లాటరీ తీసినప్పుడు. మీరు ముందు ఊళ్లను, తర్వాత ఊళ్లో మనుషులను ఎంచుకుంటారు. ఒకే ఊరివాళ్లకు ఒకే కరువు, ఒకే అప్పు, కాబట్టి జవాబులూ దగ్గరదగ్గరగా ఉంటాయి. దానికి రెట్టింపు చేస్తే 770. పదోవంతు దొరకరు అనుకుంటే 856. ఊరికి 29 మంది చొప్పున 30 ఊళ్లు పెట్టుకోండి.

అసలు సర్వే చెడేది అడిగే దగ్గర. "గత రెండు వారాల్లో సగానికి పైగా రోజులు" అన్న మాట ఫారంలో బాగానే ఉంటుంది, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మకు ఎక్కదు. రెండు వారాలను వారపు అంగడితో కట్టండి: "రెండు వారాల కింద ఇదే రోజు నుంచి ఇయ్యాల్టి దాకా, నడుమ రెండు అంగళ్లు అయినయి." 14 చింతగింజలు ఆమె ముందు పోయండి. ఎన్ని రోజులు అట్లయిందో అన్ని గింజలు పక్కకు జరపమనండి. 0-1 గింజకు 0, 2-6కు 1, 7-11కు 2, 12-14కు 3 మార్కులు. "ఏదో అప్పుడప్పుడు బిడ్డా" అన్న జవాబుకు మీ సొంత అంచనా వేసే అవసరం ఉండదు.

మాటలు కూడా అంతే. "ఆసక్తి", "నిరాశ" పుస్తకపు మాటలు. జనం అనేది వేరు: రంది పట్టుకుంది, యాష్టకొస్తుంది, పానం మంచిగ లేదు, బుక్క లోపలికి పోతలేదు. పేపరు చదివేటప్పుడు ధ్యాస నిలవకపోవడం గురించి ఒక ప్రశ్న ఉంది. చదువురానివాళ్లకు పైసలు లెక్కపెట్టేటప్పుడు, సీరియల్ చూసేటప్పుడు అని విడమర్చాలి. అయితే అచ్చులో ఉన్న వాక్యాన్ని మార్చొద్దు. దాన్ని చదివి, కింద ముందే రాసిపెట్టుకున్న ఒకే వివరణను అందరూ అదే మాటల్లో చెప్పాలి. నలుగురు అడిగేవాళ్లు నాలుగు రకాలుగా విడమరిస్తే నాలుగు ఫారాలు అయినట్టే. తండాల్లో పెద్దవయసు ఆడవాళ్ల దగ్గర గోర్ బోలి (లంబాడీల భాష) వచ్చిన అమ్మాయి ఉండాలి. మనుమడిని మధ్యలో పెట్టి ఇలాంటివి అడిగించకూడదు.

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో కీళ్లు పట్టేసినవాళ్లకు నిద్ర, అలసట ప్రశ్నల్లోనే 5-6 మార్కులు వచ్చేస్తాయి. వాటిని మీరు తగ్గించొద్దు, ఒంటి నొప్పులున్నాయా అని పక్కన గడి పెట్టి రాయండి. పత్తి ఏరే కాలంలోనూ ఇదే ఇబ్బంది.

పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా తిరిగితే ముసలివాళ్లే దొరుకుతారు. వయసువాళ్లు చేన్లలోనో, హైదరాబాద్, ముంబై పనుల్లోనో ఉంటారు. పొద్దున 6కు, మళ్లీ దీపాలు పెట్టే వేళకు పోవాలి, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. దొరకలేదని పక్కింటివాళ్లను పట్టుకొస్తే లాటరీ అంతా వృథా. ఇద్దరిద్దరుగా పోండి: ఒకరు అత్తకు బీపీ చూస్తుంటే ఇంకొకరు కోడలిని పెరట్లో అడగొచ్చు. ఆ ఊరి ఆశా వర్కరు ఇల్లు చూపించాలి గానీ ప్రశ్నలు అడగకూడదు, రేపు బావి దగ్గర కనిపించే మనిషికి ఎవరూ మనసు విప్పరు. పింఛను కోసం కాదని మొదటే చెప్పండి, లేకుంటే మార్కులు పెరుగుతాయి.

కల్లు విషయం వదిలేయొద్దు. తాగుడు అలవాటును కొలిచే ఆడిట్ ఫారం ఆల్కహాల్‌ను మాత్రమే లెక్కిస్తుంది. 650 మిల్లీలీటర్ల కల్లు సీసాలో ఆల్కహాల్ 5 శాతం ఉంటే 25 గ్రాములు, అంటే ఆ ఫారం లెక్కలో రెండున్నర డ్రింకులు. మన దగ్గర కల్తీకల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు పడతాయి, వాటిని ఆడిట్ పట్టదు. అందుకే మత్తుపదార్థాల వాడకం అడిగే అసిస్ట్ ఫారంలోని నిద్రమాత్రల ప్రశ్నలు కూడా చేర్చండి. కల్లు దొరకని రెండు మూడు రోజుల్లో నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆ రోజు అడిగితే మార్కులూ పైకే పోతాయి. ఆఖరి సీసా ఎప్పుడు తాగారో రాయండి. "ఇయ్యాల్నే మానెయ్యి" అని ఎవరికీ చెప్పకండి, డాక్టరు దగ్గరికి పంపండి.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, పుట్టదు. ఒక్క గింజ జరిపినా, ఫారం పక్కన పెట్టి అడగాలి: ఎట్లా చేసుకోవాలో అనుకున్నారా, దానికి కావాల్సింది ఇంట్లో ఉందా, ఇంతకుముందు ప్రయత్నించారా. అవునంటే మనిషిని ఒంటరిగా వదిలి రాకూడదు. తను నమ్మే ఒకరిని పిలిపించి, పురుగుమందు డబ్బాలు ఆ ఇంటి నుంచి తీయించి, అదే రోజు దవాఖానకు చేర్చాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక విభాగం డాక్టర్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి, బండి పైసలు సర్వే ఖర్చులోనే రాసుకోండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి ఇంట్లో కాగితం మీద ఇచ్చి రండి. ఈ ఏర్పాటంతా రాసి చూపించి, ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే మొదటి ఇంటి గడప ఎక్కండి.

వేలిముద్ర వేసేవాళ్లకు సంతకం పెట్టే సాక్షి మీ జట్టులోవాళ్లు కాకుండా వేరేవాళ్లు ఉండాలి. ఫారం మీద పేరు వద్దు, కోడ్ చాలు, పేర్ల పుస్తకం వేరే బీరువాలో. ఫారాలు అచ్చుకు ఇచ్చే ముందు సర్వేలో లేని ఊరికి పోయి పదిమందిని అడగండి, ప్రతి ప్రశ్న తర్వాత "నేనడిగింది మీకేమని అర్థమైంది?" అని వాళ్ల నోటితోనే చెప్పించండి.