ట్యూబు ఊడిపోయాక కూడా వినికిడి పరీక్ష మానొద్దు

అక్కా, మీ బాబుకు నాలుగేళ్లు, రెండు చెవుల్లో ట్యూబులు వేయాలన్నారు, పెద్దయ్యాక చెవుడు వస్తుందా అని అడిగారు కదా. మా పాపకు అదే వయసులో ఇక్కడే కర్నూలులో వేయించాం. ఇప్పుడు పద్నాలుగేళ్లు, బాగా వినిపిస్తుంది.

వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. మొండితనమనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చూపిస్తే కర్ణభేరి వెనక జిగురు నీరు చేరిందన్నారు, వినికిడి పరీక్షలో 35 డెసిబెల్స్ వచ్చింది (ఈ అంకె ఎంత తక్కువైతే వినికిడి అంత బాగున్నట్టు). మూడు నెలలు ఆగి చూశారు, తగ్గలేదు. ట్యూబులు వేసి ఇంటికి తెస్తుంటే ఆటోలో "నాన్నా, హారన్ గట్టిగా ఉంది" అని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఆ ట్యూబు బియ్యపు గింజంత కూడా ఉండదు, కర్ణభేరికి చిన్న రంధ్రం చేసి అందులో పెడతారు. మధ్య చెవికి గాలి ఆడనిస్తుంది, చాలామందికి 6 నుంచి 18 నెలల్లో దానంతటదే ఊడిపోతుంది. ఊడిపోయింది కదా అని మేం మళ్లీ చూపించలేదు, అదే మా పొరపాటు. ఎనిమిది నెలలకు డిక్టేషన్‌లో పదాలు తప్పు రాస్తోందని టీచరమ్మ పిలిపించింది. ఎడమ చెవిలో మళ్లీ నీరు. రెండోసారి ట్యూబు వేసి, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ కూడా తీశారు.

ట్యూబు లాభమంతా ఎక్కువగా మొదటి నెలల్లోనే. ఏడాది, రెండేళ్లు దాటితే వేయించిన పిల్లలకూ ఆగిన పిల్లలకూ వినికిడిలో పెద్ద తేడా ఉండదు, వయసు పెరిగేకొద్దీ చాలామందికి నీరు తగ్గిపోతుంది కాబట్టి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు మూడేళ్లలోపే నీరు చేరిన పిల్లలను 9–11 ఏళ్ల దాకా గమనించి 2007లో రాశారు: వెంటనే వేసినా, ఆగి వేసినా మాటల్లో, చదువులో తేడా రాలేదు. అందుకే మీ డాక్టరు ఇంకొన్నాళ్లు చూద్దామంటే భయపడకండి. కానీ బాబుకు మాటలు సరిగా రాకుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

కర్ణభేరి మీద తెల్లమచ్చ మిగలొచ్చు. మా పాపకూ ఉంది, దాంతో వినికిడికి ఇబ్బంది రాలేదు. కొద్దిమందికి ట్యూబు పెట్టిన రంధ్రం పూడదు, దాన్ని తర్వాత ఆపరేషన్‌తో మూస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లు వెల్లుల్లి నూనె పోద్దామంటారు, ట్యూబున్న చెవిలో అస్సలు పోయనీయొద్దు. కేసీ కెనాల్‌లో ఈత కూడా వద్దు. చెవి కారితే డాక్టరు రాసిన చుక్కల మందే వేయండి. ట్యూబు ఊడాక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించి, కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. పోయిన వేసవిలో మా పాపకు కుడి చెవి 15, ఎడమ చెవి 20 డెసిబెల్స్ వచ్చింది.