డిప్రెషన్ జన్యు పరిశోధనలోకి ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న: జన్యుశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో పాటు డిప్రెషన్ కూడా ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌ను (రోగనిరోధక వ్యవస్థ వల్ల ఒంట్లో వచ్చే వాపును) పెంచే జన్యువులే డిప్రెషన్‌కూ కారణమని చదివినప్పటి నుంచి ఆ విషయం మీదే పరిశోధన చేయాలనిపిస్తోంది. ఇమ్యునాలజీలో పీజీ చేయాలా, సైకాలజీకి మారాలా? ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మీరు చదివిన వాక్యంలో ‘కారణం’ అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. ఏ పీజీ చేయాలన్న మీ సందేహానికి జవాబు కూడా అక్కడే ఉంది.

ఇన్‌ఫ్లమేషన్ జాడ కోసం రక్తంలో ఎక్కువగా చూసేది సీ-రియాక్టివ్ ప్రోటీన్‌ను, అంటే సీఆర్‌పీని. రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ నుంచి సంకేతం అందినప్పుడు కాలేయం దీన్ని తయారు చేస్తుంది. డిప్రెషన్‌తో బాధపడేవారిలో సుమారు నాలుగో వంతు మందికి ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటి ఉంటుందని, పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణల్లో తేలింది. హెపటైటిస్-సి రోగులకు రోగనిరోధక వ్యవస్థను ప్రేరేపించే ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా అనే మందు ఇచ్చిన రోజుల్లో, అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివారు సైతం కొందరు వారాల వ్యవధిలోనే కుంగుబాటుకు లోనయ్యారు. కాబట్టి అనుమానానికి ఆధారం ఉంది. అయితే అధిక బరువు, పొగతాగడం, చివరికి రక్తం ఇచ్చే ముందు వచ్చిన జలుబు కూడా సీఆర్‌పీని పెంచుతాయి. పైగా డిప్రెషన్‌లో ఉన్న మనిషి కదలిక తగ్గి బరువు పెరగవచ్చు. అప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నది రక్తపరీక్ష ఒక్కదానితో తేలదు.

ఈ చిక్కును విప్పడానికి వాడే పద్ధతే మెండేలియన్ రాండమైజేషన్. జన్యు వైవిధ్యాలు, అంటే మనిషికీ మనిషికీ డీఎన్‌ఏలో ఉండే చిన్న తేడాలు, పుట్టుకకు ముందే నిర్ణయమైపోతాయి కనుక, తర్వాత వచ్చే జబ్బు వాటిని మార్చలేదు. ఒకటో క్రోమోజోమ్ మీద ఉన్న సీఆర్‌పీ జన్యువులోని వైవిధ్యాల వల్ల జీవితాంతం ఆ ప్రోటీన్ కాస్త ఎక్కువగా ఉండేవారికి డిప్రెషన్ కూడా ఎక్కువగా రావాలి కదా? ఇలా చూసిన అధ్యయనాల్లో చాలావాటిలో అందుకు గట్టి ఆధారం కనిపించలేదు. సీఆర్‌పీ పొగే తప్ప నిప్పు కాకపోవచ్చన్నమాట. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకం, అంటే ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ సంగతి వేరు. దాని మీద అనుమానం ఇంకా బలంగానే ఉంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వాడే టోసిలిజుమాబ్ అనే మందు అడ్డుకునేది ఆ గ్రాహకాన్నే కాబట్టి, మీ ఇంటి అనుభవానికీ ఈ ప్రశ్నకూ ఉన్న సంబంధం మీరు ఊహించినంత దూరమైనదేమీ కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మెదడులో సంకేతాలు మోసే సెరోటోనిన్ అనే రసాయనపు రవాణా జన్యువు వంటి కొన్నింటిని పట్టుకుని ‘డిప్రెషన్ జన్యువు దొరికింది’ అన్న రోజులున్నాయి. అలా పేరుబడిన 18 జన్యువులను 2019లో లక్షల మంది సమాచారంతో పరీక్షిస్తే, యాదృచ్ఛికంగా ఏరిన జన్యువుల కంటే అవి ఏమంత మెరుగని తేలలేదు. వాటి మీదే పీహెచ్‌డీలు చేసినవారి సంగతి ఊహించండి. కవలల అధ్యయనాల ప్రకారం డిప్రెషన్‌లో వారసత్వం వాటా సుమారు 37 శాతం. ఆ వాటా కూడా వందలాది వైవిధ్యాల మధ్య చిన్నచిన్న ముక్కలుగా పంచుకుని ఉంది.

అందుకే జబ్బు పేరు చూసి పీజీ ఎంచుకోవద్దని, ఏ జబ్బుకైనా పనికొచ్చే పనితనాన్ని ఎంచుకోమని నా సలహా. జన్యు సమాచారాన్ని గణాంకాలతో, కంప్యూటర్‌తో విశ్లేషించే స్టాటిస్టికల్ జెనెటిక్స్, జెనెటిక్ ఎపిడెమియాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్‌లలో ఏదైనా మీకు సరిపోతుంది. ఔషధ కంపెనీలు ఏ ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఫలితం ఉంటుందో తేల్చుకోవడానికి ఈ నైపుణ్యం ఉన్నవారినే వెతుకుతాయి. డిప్రెషన్ ప్రాజెక్టు ఆగిపోయినా గుండెజబ్బు, మధుమేహం, క్యాన్సర్ వైపు వెళ్లగలరు. ఇమ్యునాలజీ మంచిదే. కానీ ప్రోటీన్లను కొలిచే ఎలీసా పరీక్షకు వాడే 96 గుంటల ప్లేటు ముందు కూర్చుని, నీలిరంగు పసుపుకు మారే క్షణం కోసం రోజంతా పిపెట్‌తో గడపడం మీకు ఇష్టమైతేనే తీసుకోండి. రోగులతో మాట్లాడుతూ పనిచేయాలన్నదే మీ అసలు కోరిక అయితే సైకాలజీకి వెళ్లండి.

నిర్ణయానికి ముందు ఒక నెల చిన్న ప్రయోగం చేయండి. సీఆర్‌పీ, డిప్రెషన్‌ల మీద జరిగిన జన్యు అధ్యయనాల సారాంశ ఫైళ్లు, అంటే ఒక్కో వైవిధ్యం ప్రభావం ఎంతో చెప్పే పట్టికలు, ఉచితంగా దొరుకుతాయి. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ వాటిని జతపరచండి. ఒక ఫైలులో డీఎన్‌ఏలోని ‘ఏ’ అక్షరం ప్రభావాన్ని లెక్కగట్టి, రెండో ఫైలులో అదే చోట ‘జీ’ ప్రభావాన్ని లెక్కగట్టి ఉండవచ్చు. అది గమనించకపోతే రక్షణనిచ్చే వైవిధ్యం హాని చేసేదిగా కనిపిస్తుంది. ఇలాంటి తప్పులను వరుసవరుసగా వెతకడంలో విసుగు పుట్టకపోతే ఈ వృత్తి మీదే. నిజానికి ఇందులో సగం రోజులు ఇలాగే గడుస్తాయి.

అమ్మగారి విషయంలో మాత్రం ఈ చదువును ఇప్పుడే ప్రయోగించకండి. డిప్రెషన్‌ను సీఆర్‌పీ పరీక్షతో గానీ జన్యు పరీక్షతో గానీ నిర్ధారించరు. ఆమె నిద్రలో, ఆసక్తిలో, ఆకలిలో మీరు చూస్తున్న మార్పులను కీళ్ల వైద్యుడికీ మానసిక వైద్యుడికీ ఇద్దరికీ చెప్పండి. చాలాసార్లు ఒకరికి చెప్పిన మాట రెండోవారి దాకా చేరదు.