పులికాట్ దారిలో సైకిల్ యాత్ర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గత జనవరిలో మా కుటుంబం నలుగురం ఒక యాత్రా నిర్వాహకుడి ద్వారా, గైడుతో కలిసి పులికాట్ సరస్సుకు సైకిల్ యాత్ర చేశాం. మొత్తం ముప్పైమందికి పైగా ఉన్నాం. రోడ్డు పక్కన నీళ్లలో ఫ్లెమింగోలు మేస్తుంటే, ఫొటోల కోసం గైడే ఈల వేసి, అందరి చేత చప్పట్లు కొట్టించి వాటిని మూడుసార్లు లేపాడు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి “అవి తింటున్నాయి కదమ్మా, ఎందుకు లేపడం?” అని అడిగితే నాకు జవాబు తోచలేదు. దీనివల్ల పక్షులకు నిజంగా నష్టం ఉందా? మళ్లీ వెళ్లాలంటే ఎలాంటి గైడును చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అమ్మాయి సరిగ్గానే గమనించింది. ఫ్లెమింగో తిండి చాలా ఓపికతో కూడిన పని. అది లోతు తక్కువ నీళ్లలో నిలబడి, కాళ్లతో బురదను తొక్కి కదిపి, పొడవైన మెడ వంచి, తలను తలకిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కులోకి నీటిని లాగి మళ్లీ బయటకు నెడుతుంది. ముక్కు అంచున దువ్వెన పళ్లలా ఉండే జల్లెడకు చిక్కిన సన్నని రొయ్యజాతి జీవులు, పురుగులు, నాచు మాత్రమే దాని కడుపులోకి వెళతాయి. దాని ఈకల గులాబీ రంగు కూడా ఆ తిండి వల్ల వచ్చేదే. ఇలా గంటల తరబడి వడగట్టుకుంటే గానీ దాని పొట్ట నిండదు. పైగా అది పిచ్చుకలా ఉన్నచోటి నుంచి తటాలున లేవలేదు; నీటి మీద కొన్ని అడుగులు పరుగెత్తితే గానీ ఆ ఒళ్లు గాలిలోకి లేవదు. గుంపును మూడుసార్లు లేపడమంటే, కష్టపడి సంపాదించుకున్న బలాన్ని మూడుసార్లు వృథా చేయించి, మేత ఉన్న చోటి నుంచి తరిమేయడమే. ఫొటోలో అందంగా పడిన ఆ రెక్కల వరుస భయపడి లేచిన పక్షులదని మీ అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇదే పని పక్షులు గూళ్లు కట్టే నేలపట్టులో చేస్తే నష్టం ఇంకా పెద్దది. ఫ్లెమింగోలు పులికాట్‌కు వచ్చేది మేత కోసం. మన దేశంలో అవి ముఖ్యంగా గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. గూడబాతులు (పెలికాన్‌లు) మాత్రం దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టి, పులికాట్‌కు వెళ్లి చేపలు మింగి తెచ్చి అక్కడే పిల్లలను సాకుతాయి. పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి దాదాపు మెడ వరకు దూర్చి తిండి అందుకోవడం ఒక్కసారి చూసినవారు ఆ చెట్టు కింద గొంతెత్తి మాట్లాడలేరు. తల్లి బెదిరి లేస్తే గూట్లోని గుడ్లు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. చుట్టుపక్కల రైతులు పక్షి రెట్టలు కలిసిన ఆ చెరువు నీటిని ఎరువుతో సమానంగా చూస్తారు, అందుకే ఆ పక్షులకు హాని జరగకుండా ఊళ్లే చూసుకుంటూ వచ్చాయి. వాళ్లు కాపాడిన దాన్ని చూడటానికి వెళ్లే మనం వాళ్ల కన్నా మెత్తగా నడుచుకోవాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. పులికాట్, నేలపట్టు రెండూ 1976 నుంచి పక్షుల అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో వన్యప్రాణులను బెదిరించడం, వేధించడం, చెత్త వేయడం నిషిద్ధం. ఇక అది షార్ (శ్రీహరికోట అంతరిక్ష ప్రయోగ కేంద్రం) ఉన్న ప్రాంతం కాబట్టి డ్రోన్ ఎగరేస్తామనే వారితో వెళ్లనే వద్దు.

గైడు విషయానికొస్తే, డబ్బు కట్టే ముందే ఫోన్‌లో ఒక్క మాట అడగండి: “పక్షులు ఎగరడం దగ్గరగా చూపిస్తారా?” చూపిస్తామని ఉత్సాహంగా చెప్పినవారిని వదిలేయండి. మంచి గైడు ఎనిమిది, పదిమందికి మించి తీసుకువెళ్లడు. పక్షులు కనబడటానికి చాలా ముందే అందరినీ సైకిళ్ల మీద నుంచి దింపి, దూరం నుంచే బైనాక్యులర్‌తో చూపిస్తాడు. మేస్తున్న గుంపులో మెడలన్నీ ఒక్కసారిగా పైకి లేచి, పక్షులు మెల్లగా అవతలి పక్కకు నడవడం మొదలుపెట్టాయంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. దాన్ని చూసి అందరినీ వెనక్కి నడిపించేవాడే అసలైన గైడు. సరస్సు మీద చేపల వేటతో బతికే కుటుంబాల పిల్లల్లో ఇలాంటి చూపున్న వారు దొరుకుతారు. ఏ రోజు ఎక్కడ నీరుందో, ఏ వైపు పక్షులు దిగాయో వాళ్లకు తెలిసినట్టు బయటి నుంచి వచ్చినవారికి తెలియదు.

ఇలా చూసేవారికి సైకిల్ కన్నా మంచి వాహనం లేదని నా గట్టి నమ్మకం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా చదునుగా సాగుతుంది. చిలికా తర్వాత మన దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కారులో ఇరవై నిమిషాల్లో దాటేసే ఆ దారిలో సైకిల్ మీద వెళితే బురద వాసన, నీటి రంగు మారడం, దూరాన గులాబీ గీతలా కనిపించిన గుంపు మెల్లమెల్లగా పక్షులుగా విడిపోవడం అన్నీ అనుభవంలోకి వస్తాయి. అటకానితిప్ప దగ్గర ఆగండి; ఓపిక ఉంటే వేనాడు దీవి వైపు తిరగండి. షార్ గేటు దాటి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు. బస్సులు, లారీలు తిరిగే రోడ్డు కనుక పిల్లలను మధ్యలో ఉంచి ఒకరి వెనుక ఒకరు వెళ్లాలి. 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మన జిల్లా అంటే కొండ ఒక్కటే అనుకుంటున్న మన పిల్లలకు ఈ సరస్సును చూపించాలి.

ప్రశ్న: నా వయసు 58. గేర్లు లేని పాత సైకిల్ ఉంది. దానితో పులికాట్ వెళ్లవచ్చా? ఏ నెల మంచిది?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లండి. ఆ దారిలో ఎత్తుపల్లాలు లేవు, కష్టమల్లా సముద్రం వైపు నుంచి వచ్చే ఎదురుగాలి. అందుకని సూళ్లూరుపేట నుంచి తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగి రండి. దారిలో నీడ ఉండదు కాబట్టి మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికన్నా మంచి కాలం. వాయుగుండం కబురు వింటే మాత్రం ప్రయాణం మానుకోండి. వేసవిలో నీరు ఇంకిపోయి, చాలాచోట్ల బురద పలకలుగా పగిలి ఉంటుంది.

గట్ల పక్కన సర్కారు తుమ్మ విస్తారంగా ఉంటుంది. దాని ముల్లు టైరులోకి దిగితే ట్యూబు దక్కదు కనుక, పంచరు సామాను, గాలి పంపు వెంట ఉంచుకుని, సైకిల్‌ను తారు రోడ్డు దిగనివ్వకండి. ఇంటికి రాగానే చెయిన్, రిమ్ములు మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాక నూనె వేయండి. ఉప్పుగాలి తగిలిన ఇనుము రెండు రోజుల్లోనే తుప్పు పడుతుంది.